రెండో పేరు

ఆదివారం పొద్దున బ్లాక్‌టౌన్‌లోని శ్రీపతి ఇంట్లో దోశల వాసన గుమ్మం దాటి వీధిలోకి పోతోంది. మెల్‌బోర్న్‌లో పీహెచ్‌డీ చేస్తున్న కూతురు లిఖిత రెండు రోజులకని వచ్చింది. ఆమె వస్తే తల్లి జయశ్రీకి పెనం దింపే తీరిక ఉండదు.

శ్రీపతి మర్నాటి క్లాసుకు సిద్ధమవుతున్నాడు. పారమట్టాలో ఒక యూనివర్సిటీలో కొత్త రీసెర్చర్లకు నిజాయితీ నేర్పడం ఆయన ఉద్యోగం. లేని ఫలితాలు పుట్టించొద్దు, పని చేయనివాళ్ల పేరు పేపర్ మీద పెట్టొద్దు అని ఏళ్ల తరబడి చెప్తూనే ఉన్నాడు.

"నాన్నా, నీ క్లాస్ తర్వాత. ఫస్ట్ ఇది చూడు," అని లిఖిత తన ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది.

మట్టిలో పేరుకునే ఉప్పు మీద ఆమె రాసిన మొదటి రీసెర్చ్ పేపర్. రేపు రీసెర్చ్ పత్రికకు పంపాలి. పైన లిఖిత పేరు, చివర ఆమె గైడు పేరు. మధ్యలో శ్రీపతి పేరు.

ఆయన వేలు ఆ పేరు మీదే ఆగింది. వరంగల్‌లో ఇలాగే మట్టి మీద మొదలుపెట్టిన పరిశోధనను, ఇల్లు గడవడానికి సగంలో వదిలేసి వచ్చిన మనిషి ఆయన. అచ్చులో తన పేరు చూసుకోవాలన్న ఆశ ఇన్నేళ్లయినా చావలేదు.

"నేనేం చేసిన బిడ్డా ఇందులో?"

"చిన్నప్పుడు బ్యాక్‌యార్డ్‌లో మట్టి చూపించి నేర్పింది నువ్వే కదా! గైడుకి కూడా చెప్పా, డాడ్ హెల్ప్ చేశారని."

"అబద్ధం చెప్పినవా? తీసెయ్."

లిఖిత మొహం మాడిపోయింది. జయశ్రీ గరిటెతోనే బయటికొచ్చింది. "తండ్రి పేరు నిలబెడదామని పిల్ల ముచ్చటపడితే గట్ల కసురుతవేంది? ఆ పేరేమన్న పరాయోళ్లదా?"

"నా పేరైనందుకే ఇంత చెప్తున్న. రేపు పొద్దున క్లాసుల నిలబడి పిల్లలకు ఏ మొహం పెట్టుకొని చెప్పాలె?"

"ఎప్పుడూ క్లాసే!" లిఖిత ల్యాప్‌టాప్ తన వైపు లాక్కుంది. "ఊళ్లో పిల్లలందరికీ టైమ్ ఇస్తావు. నా పేపర్ గురించి ఒక్కసారైనా అడిగావా? పేరు పెడితేనైనా మనిద్దరం ఒక్కచోట ఉంటామనుకున్నా నాన్నా."

శ్రీపతి ఒక్కసారీ అడగలేదు. ఆ పిల్ల ఫోన్ చేసి ల్యాబ్ కబుర్లు మొదలుపెడితే మాట మార్చింది తనే. తాను వదిలేసిన పని గురించి వినడం ఆయన వల్ల అయ్యేది కాదు. ఆ సంగతి కూతురికేం తెలుసు?

"ఆశ లేక కాదురా," అన్నాడు శ్రీపతి. "ఆ పేరు చూసి పానం లేచొచ్చింది. ఎంత ఆశ ఉందో తెలుసు గనకనే తీసెయ్యమంటున్న. నా చేతులకు మట్టి అంటలేదు."

లిఖిత ఆ పేరు చెరిపేసింది. గైడుకు నిజం రాసి పంపింది. శ్రీపతి తన ల్యాప్‌టాప్ మూసి, కుర్చీ కూతురి పక్కకు జరుపుకున్నాడు.

"ఇప్పుడు చదువు. మొదట్నుంచి."

ఆమె చదువుతుంటే దోశలు చల్లారిపోయాయి. జయశ్రీ పొయ్యి ఆపి వచ్చి కూర్చుంది. సగంలో ఆయన చెయ్యెత్తాడు. "ఈ మట్టి వాన ముందు తీసిందా, పడ్డాక తీసిందా?"

"ముందు."

"పడ్డాక ఉప్పు ఎంత లోతుకు దిగుతదో చూసినవా?"

"చూడలేదు నాన్నా. అది వేరే స్టడీ అవుతుంది." ఆయన మొహంలోకి చూసి, "లీవ్ పెట్టి వస్తావా? గుంతలు తవ్వాలి, సాంపిల్స్ మోయాలి. పని చేయకపోతే పేరు పెట్టను, ముందే చెప్తున్నా," అంది.

శ్రీపతి నవ్వబోయి ఏడ్చేశాడు. "పెట్టకు బిడ్డా," అన్నాడు. "వాన ఎప్పుడట అక్కడ?"