నీడమంచు విరిగిన పూట

తొట్టెల్లో సన్న ఉప్పునూక నింపాలి. జల్లెడలకు పట్టిన ఉప్పు గీకాలి. గాలివాటం చూసి గొట్టాల మూతులు తిప్పాలి. ఎండ ముదరకముందే సముద్రం మీది నుంచి పట్నం మీదికి నీడమంచు పంపాలి.

ఇవన్నీ ముగించి ఈశ్వరి, నూకను గాలిలోకి చిమ్మే రేణుగోపురంలో తెర ముందు కూర్చుంది. ఇంట్లోవాళ్లకు ఆమె పోలేశ్వరి, పోలీ; ఆఫీసులో ఈశ్వరి. ఉప్పునూక సన్నగా, ఒత్తుగా పడితే గాలిలోని తడిని రేణువులు తలా కాస్త పంచుకుంటాయి. చిన్నబొట్టు రాలదు, తేలుతూ ఎండను ఆపుతుంది. ఆ వేసవుల్లో పట్నం ప్రాణాలు ఆ తేలుడు మీదే ఉన్నాయి. అందుకే మంచువేళ పడవలేవీ దిగకుండా సముద్రం మూసేవారు.

రేడియో గరగరలాడింది.

"ఒలే పోలీ! నానే, మీ సిన్నాన్న కాముల్ని. తెల్లారకముందే తెప్పేసుకుని ఎల్లిపోయినాను. ఒడ్డు కానరాట్లేదే. పక్కనే రాళ్లమీద అల ఇరుగుతున్న సప్పుడు... ముతకనూక కొంచెం ఒదులు తల్లీ!"

పర్యవేక్షకుడు వైకుంఠరావు నవ్వాడు. "మూసిన సముద్రంలోకి దిగి, పైగా మంచు తియ్యమంటున్నాడే! ఎవరండీ ఈ పోలీ? మీ చుట్టమా?"

తండ్రి పోయాక ఆమెను డిగ్రీ దాకా చదివించింది కాములే. చేపల వాసనని హాస్టల్లో ఎవరో ముక్కు మూసుకున్నారని తెలిసి, ఆమెను చూడడానికి వచ్చేముందు రెండుసార్లు సబ్బు రుద్దుకునేవాడు.

"నాకు తెలియదండీ," అంది ఈశ్వరి.

రేడియోలో మాట్లాడే మీట తన బొటనవేలి కింద నొక్కే ఉందని, అన్నాక చూసుకుంది. వేలు తీసింది. అవతల నుంచి అల విరిగే చప్పుడొక్కటే.

ఆమె లేచి ముతకనూక మీట పూర్తిగా లాగింది.

"ఏం చేస్తున్నారండీ? పట్నం మాడిపోతుంది!"

పెద్ద రేణువులు తడినంతా తమలోకి లాక్కున్నాయి. మంచు బరువెక్కి జల్లుగా రాలిపోయింది. ఎండ భగ్గుమంది. రాళ్లకు బారెడు దూరంలో తెప్ప కనిపించింది.

తెప్ప ఒడ్డుకు తగలగానే, ఈశ్వరితోపాటు గోపురం దిగివచ్చిన వైకుంఠరావు నిలదీశాడు. "ఈవిడ నీకేమవుతుంది?"

తడిసి వణుకుతున్న కాములు తలగుడ్డ విప్పి చంకలో పెట్టుకున్నాడు. ఆమె వైపు చూడలేదు. "నానెరగను బావూ. ఎవరో పెద్దమ్మగారు. మా పోలీ ఇక్కడ నేదు. బయానికి ఏదో కూసినాను."

ఈశ్వరి వెళ్లి కాములు పక్కన నిలబడింది.

"మా చిన్నాన్నండీ. ఇందాక నేనే అబద్ధం చెప్పాను."

"ఊరుకోయే గుంటా, ఉజ్జోగం పోతాది!"

పోయింది. ఆ మధ్యాహ్నం నీడలేక పట్నం ఉడికిపోయి, ఆమె పేరు ఎత్తి మరీ తిట్టింది. ఆ పేరు మీరు మరిచిపోయినా ఫరవాలేదు. ప్రాణభయంతో పిలిస్తే ఎరగనన్న బిడ్డ కోసం, ఒడ్డుకొచ్చి ఆ అబద్ధాన్నే నిలబెట్టబోయిన గనగళ్ల కాముల్ని మాత్రం గుర్తుపెట్టుకోండి.