గడప దాటేదాకా

డాక్టర్ ఇందుశేఖర్ గారు రేకు డబ్బాలో కొబ్బరి పీచు కుక్కి, అగ్గిపుల్ల గీసి అందులో పడేశారు. పొగ సన్నగా లేచి బుల్లెమ్మ గారి హాలు సీలింగ్ దాకా పాకింది. చుట్టూ చేరిన ఇరుగుపొరుగు ఊపిరి బిగబట్టి తలలెత్తి చూస్తున్నారు.

సీలింగ్‌లో ఉన్న స్పీకర్ పలికింది.

"బుల్లీ! పొగ కమ్ముకుంటోంది. లే తల్లీ, బయటికి రా!"

బుల్లెమ్మ గారు ఉలిక్కిపడింది. "అమ్మా!" అంటూ చెప్పులు కూడా వేసుకోకుండా వరండాలోకి పరుగెత్తింది. ఆవిడ గడప దాటగానే గొంతు ఆగిపోయింది.

"మీ అమ్మగారి గొంతేనా?" అడిగారు డాక్టర్ గారు.

"అచ్చం ఆవిడదే బాబూ! కాకపోతే మా అమ్మ బతికున్నన్నాళ్ళూ నన్ను తల్లీ అని పిలిచిన పాపాన పోలేదు. మొద్దుమొహమా అనేది."

అందరూ ఘొల్లున నవ్వారు. డాక్టర్ గారు మాత్రం నవ్వలేదు. "అది సరిచేయిస్తాను" అన్నారు.

సముద్రం ఒడ్డున మేఘాలతో ఊసులాడుతున్నట్టు నిలబడ్డ ఆ భవనం పేరు వెన్నెల టవర్. ఆ రోజుల్లో ఊరంతా అలాంటి మేడలే. ఎక్కడ పొగ వచ్చినా సైరన్ మోగేది, కానీ ఎవరూ కదిలేవాళ్ళు కాదు. "ఎవరో తాలింపు మాడ్చి ఉంటార్లే" అని టీవీ సౌండ్ పెంచుకునేవాళ్ళు. అలా పెంచుకున్నవాళ్ళలో కొందరు మళ్ళీ ఎప్పటికీ లేవలేదు. అప్పుడు డాక్టర్ గారికి ఒక ఆలోచన తట్టింది. మనిషి సైరన్ మాట వినడు, తనవాళ్ళ మాట వింటాడు. ఇంట్లో చేరేటప్పుడే ప్రతివాళ్ళూ తమకి ప్రాణమైన ఒకరి గొంతు ఇవ్వాలి. పాత వాయిస్ మెసేజ్‌లు ఇచ్చినా చాలు, ప్యానెల్ ఆ గొంతు నేర్చుకుంటుంది. మంట లేస్తే ఆ గొంతుతోనే పిలుస్తుంది, బదులు చెబితే మళ్ళీ మాట్లాడుతుంది, మనిషి గడప దాటేదాకా పిలుపు ఆపదు.

ఆ ప్యానెల్ ముందు కూర్చునే అమ్మాయే హైమ.

కింద అంతస్తులో చిన్న గది. గోడ నిండా దీపాలు, ఫ్లాటుకొకటి. ఎమర్జెన్సీ అలర్ట్ వస్తే దీపం ఎర్రబడుతుంది. హైమ ముందు అక్నాలెడ్జ్ బటన్ నొక్కాలి, వాచ్‌మన్‌ని పంపి అది వంటింటి పొగో నిజం మంటో కనుక్కోవాలి, నిజమైతే అన్ని ఇళ్ళలోనూ గొంతుల్ని పిలిపించే ఇవాక్యుయేట్ నొక్కాలి. మనిషి బయటపడితే దీపం పచ్చబడుతుంది. చూడ్డానికి అంతే పని. కానీ హైమకి ఆ గోడ ఆకాశంలా అనిపించేది. ఒక్కో చుక్క వెనక ఎవరో ఎవరినో ప్రేమించిన గొంతు ఉందని తలచుకుంటే గుండె నిండిపోయేది.

పద్దెనిమిదో అంతస్తులో ప్రభాత్ ఉండేవాడు. హార్బర్‌లో పడవలకి రంగులు వేస్తాడు. భార్య మాలతి జ్వరంతో పోయి ఇంకా ఏడాది తిరగలేదు. మొదటి ట్రయల్ అయిన మర్నాడు, వేళ్ళకి నీలం రంగు అలాగే ఉండగా వచ్చి హైమ గది కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"హైమ గారూ, నిన్న మా ఆవిడ పిలిచిందండీ."

"అవునండీ, ట్రయల్ చేశాం."

"ఇంకొక్కసారి పిలిపించరా?"

"అలా చేయకూడదండీ. రూల్స్ ఒప్పుకోవు."

"తెలుసండీ" అన్నాడు. అని, వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు.

హైమ అతని ఒక్క ఫ్లాటుకి మాత్రం ట్రయల్ పిలుపు పంపే టెస్ట్ బటన్ నొక్కింది.

అక్కడితో ఆగలేదు. అతను హార్బర్ నుంచి రాగానే కిటికీలోంచి ఒక చూపు చూసేవాడు, ఆమె నొక్కేది. పైన జరిగే మాటలు ప్యానెల్‌లో వినపడేవి.

"ప్రభా! మంటలు. బయటికి రా!"

"వస్తాలేవే. ముందు చెప్పు, అన్నం తిన్నావా?"

"తర్వాత చెబుతా. ముందు బయటికి రా!"

"నీదెప్పుడూ తొందరే."

యంత్రానికి అంతకంటే మాటలు రావు. అయినా అతను ఆ నాలుగు ముక్కల చుట్టూ ఒక సంసారం అల్లుకునేవాడు. వర్షం సంగతి చెప్పేవాడు, కొత్త పడవకి ఏ రంగు బాగుంటుందో అడిగేవాడు. హైమ మొదట డ్యూటీగా విన్నది. తర్వాత చెవులు రిక్కించి విన్నది. ఇలాంటి మనిషి తనని ఒక్కసారి "ఏమే" అని పిలిస్తే ఈ జన్మకి చాలనుకుంది. ఆ మాట ఎవరితో చెబుతుంది? గోడతోనా?

ఒక ఆదివారం మధ్యాహ్నం, పన్నెండో అంతస్తులో స్కూటర్ బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టే గది అంటుకుంది.

గోడంతా ఎర్రబడింది. వాచ్‌మన్ అప్పల్నాయుడు వాకీటాకీలో అరిచాడు. "నిజం మంటేనమ్మా! నొక్కీ!" హైమ ఇవాక్యుయేట్ నొక్కింది. ఇంటింటా అమ్మలు, నాన్నలు, తమ్ముళ్ళు, పెళ్ళాలు ఒక్కసారిగా పిలిచారు. జనం మెట్ల మీద వరదలా దిగారు. దీపాలు ఒకటొకటే పచ్చబడ్డాయి. బుల్లెమ్మ గారు కూడా ఆయాసపడుతూ దిగిపోయింది.

ఒక్క దీపం ఎర్రగానే ఉండిపోయింది.

ప్యానెల్‌లో ప్రభాత్ గొంతు తీరుబడిగా వినపడుతోంది. "ఇవాళ పెందలాడే వచ్చావే!"

హైమ కుర్చీలోంచి లేచింది. అతనికి ఇది కూడా ట్రయలే. రోజూ ట్రయల్ చేసింది తనే కదా! మైక్ లాక్కుంది.

"ప్రభాత్ గారూ! నేను హైమని. ఇది ట్రయల్ కాదు, నిజంగా మంట. దయచేసి కిందికి రండి!"

డాక్టర్ గారు ఆ మైక్‌ని కూడా తన తెలివితోనే తయారుచేశారు. పరాయి గొంతు వింటే జనం కంగారుపడతారని, మైక్‌లో ఎవరు మాట్లాడినా ఆ ఇంటి గొంతులోకి మారేలా పెట్టారు. దాన్ని తప్పించే బటన్ లేదు.

పైనుంచి నవ్వు వినపడింది.

"నువ్వు హైమవా? ఏంటే మాలతీ, ఆ పిల్ల నీకెలా తెలుసు?"

"నేను మాలతిని కాదండీ! హైమని!"

"చాల్లే నీ వేళాకోళం. మంచి పిల్లే అది. దాని పుణ్యమే నువ్వు రోజూ వస్తున్నావు. ఇవాళ ఎన్ని మాటలు మాట్లాడుతున్నావే! ఇంకాసేపు ఉండు."

డాక్టర్ గారు రొప్పుతూ గదిలోకి వచ్చారు. "ఆపెయ్! గొంతు ఆపెయ్!"

"ఆపితే మళ్ళీ సైరనే కదండీ. సైరన్‌కి వస్తాడా?"

పొగ పదహారో అంతస్తుకి ఎక్కిందని అప్పల్నాయుడు చెబుతున్నాడు. హైమ కళ్ళు తుడుచుకుంది. మైక్ పెదాలకి ఆనించుకుంది.

"ప్రభా!" అంది. ఆ పేరు అలా పిలవడం ఆమెకి అదే మొదలు. "నేను కింద ఉన్నాను. గేటు దగ్గర. ఎండలో నిలబడ్డాను. రావా?"

కుర్చీ చప్పుడైంది. "కిందనా? నిజంగానా?"

"నిజంగానే. నువ్వు వచ్చేదాకా ఇక్కడే ఉంటాను. నువ్వంటే నాకు ప్రాణం. పరుగెత్తుకుని రా!"

దీపం పచ్చబడింది. హైమ మైక్ మీద తల వాల్చేసింది. చెప్పిన వాటిలో ఒక్క మాట ఆమె సొంతం. ఆ ఒక్కటీ అతను ఎవరి నోట విన్నాడో ఆమెకి తెలుసు.

అతను మసి కొట్టుకున్న ముఖంతో, దగ్గుతూ గేటు దగ్గరికి వచ్చాడు. అక్కడున్న ఆడవాళ్ళందరి ముఖాల్లోకీ తొంగి చూశాడు. ఒకామె విసుక్కుంటే చేతులు జోడించి, పక్కనున్నామెను చూశాడు. గదిలోంచి పరుగున వచ్చి నిలబడ్డ హైమ దగ్గరికొచ్చేసరికి అతని ముఖంలో ఇంకా ఆ వెలుగు ఆరలేదు.

"మాలతి ఏది?"

"లేదండీ. ఇందాక మైక్‌లో మాట్లాడింది నేను. మీరు రావడం లేదని..."

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఇందాక ఒక్కసారేనా? ఇన్నాళ్ళూ నువ్వేనా?"

"ఒక్కసారే! అమ్మ తోడు! మిగతావన్నీ ఆవిడ గొంతే."

"నాకెలా తెలుస్తుంది?" అన్నాడు.

తన మాటకి ఇంక విలువ లేదు. ప్రాణం నిలబెట్టింది. కానీ ఆ మనిషి ఆ ప్రాణం పెట్టుకున్న చోటు ఆమె చేతిలోనే కూలిపోయింది. అతను మళ్ళీ ఆ కిటికీ వైపు రాలేదు.

కాలిన అంతస్తు బాగుచేశాక, యంత్రం కొనేముందు ట్రయల్ చూడ్డానికి వేరే ఊళ్ళ నుంచి పెద్దవాళ్ళు వచ్చారు. హైమ ఇవాక్యుయేట్ నొక్కింది. దీపాలన్నీ ఎర్రబడ్డాయి. అలాగే ఉండిపోయాయి. కెమెరాల్లో చూస్తే జనం గడపకి ఇవతలే నిలబడి వింటున్నారు. దాటితే గొంతు ఆగిపోతుందని అందరికీ తెలిసిపోయింది. "ఇంకా తిట్టవే అమ్మా" అంటోంది బుల్లెమ్మ గారు.

ఒక్క పద్దెనిమిదో అంతస్తు దీపం మాత్రం వెంటనే పచ్చబడింది. "ప్ర..." అని గొంతు మొదలుపెట్టిందో లేదో, తలుపు తెరుచుకుంది. రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని ప్రభాత్ మెట్ల మీద పడి పరుగెడుతున్నాడు.

"చూశారా!" అన్నారు డాక్టర్ గారు పొంగిపోయి. "నా యంత్రం పనిచేయడమంటే ఇదీ!"

వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకాయన కళ్ళజోడు సవరించుకుని, అంత వేగంగా రావడం తను సరిగ్గా చూడలేకపోయానన్నాడు.

"దానికేముంది! అతను పైకెక్కి తలుపు వేసుకోగానే మళ్ళీ పిలిపిస్తాను" అన్నారు డాక్టర్ గారు. "హైమా, ఆ ఒక్క ఫ్లాటు చాలు."

కెమెరాలో ప్రభాత్ ఒక్కో మెట్టూ ఎక్కి, తన గుమ్మం ముందు ఆగి, చెవుల మీద నుంచి చేతులు మెల్లగా తీశాడు. లోపలికి వెళ్ళాడు.

హైమ టెస్ట్ బటన్ మీద వేలు పెట్టింది.