వెలుగు ముట్టుకోకూడదు

శవం కుర్చీలో కూర్చునే ఉంది. ఎదురుగా మానిటర్ ఇంకా వెలుగుతోంది. తల వెనక ఒకే ఒక్క దెబ్బ. కింద కెమెరా స్టాండు, దాని కాలికి నెత్తురు.

పోయినాయన సినిమాలకి రంగులు సరిదిద్దే మాస్టారు. స్టూడియో ఆయనదే. పని పడితే రాత్రి అక్కడే ఉండిపోవడం మామూలే. అందుకే తెల్లారేదాకా ఇంట్లోవాళ్లు ఎవరూ కంగారుపడలేదు.

ఇన్‌స్పెక్టర్ పన్ను పీకించుకుని నేరుగా అక్కడికే వచ్చింది. ఇంజెక్షన్‌కి ఎడమ దవడ మొద్దుబారిపోయింది. మాట సగమే వస్తోంది. కోపం మాత్రం పూర్తిగా వస్తోంది.

“కేసు క్లోజ్ మేడమ్,” అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

“అప్పుడేనా?”

“సీసీటీవీ ఉందిగా. రాత్రి 7.40కి వరండాలో ఒకడు పరిగెత్తాడు. మొహం కనబడదు గానీ చొక్కా గోధుమరంగు. మాస్టారి బావమరిదికి కొరియర్ ఉద్యోగం. వాళ్ల యూనిఫాం గోధుమరంగే. నిన్న మధ్యాహ్నం బావతో గొడవపడ్డాడట. లాకప్‌లో వేసేశాను.”

“ఊరు మొత్తానికి గోధుమరంగు చొక్కా వాడికొక్కడికే ఉందా?”

హెడ్డు తల గోక్కున్నాడు.

మాస్టారి భార్య గోడవార బల్ల మీద కూర్చుని ఉంది. మొగుడు పోయాడు. తమ్ముడు లాకప్‌లో ఉన్నాడు. తండ్రి పోయాక ఆ తమ్ముణ్ణి చదివించింది తనే. ఎవరో ఇచ్చిన టీ చేతిలోనే చల్లారిపోయింది. ఏడుపు రావడంలేదు.

“మా తమ్ముడు చెయ్యలేదండి,” అంది. బయట ఎండగా ఉందని చెప్పినట్టే చెప్పింది.

పక్కన మరిది నిలబడ్డాడు. మాస్టారి తమ్ముడు, స్టూడియోలో ఆయనకి కుడిభుజం. వదిన చేతిలోని గ్లాసు తీసి పక్కన పెట్టాడు.

“సీసీటీవీ రికార్డర్ ఏది?” అడిగింది ఇన్‌స్పెక్టర్.

“హార్డ్‌డిస్క్ పాడైంది మేడమ్,” అన్నాడు మరిది. “ అంతకుముందే నేను కాపీ తీసి హెడ్డుగారికి ఇచ్చాను.”

“ఇంత చిన్న ఫైలా?”

“పంపడానికి తేలికని కుదించాను.”

“కుదించడమంటే, ఏం తగ్గించారు?”

“రంగు.” పని మాట రాగానే అతని గొంతు కుదుటపడింది. “బొమ్మలో ప్రతి చుక్కకీ, అంటే పిక్సెల్‌కి, వెలుగు విడిగా ఉంటుంది. రంగు మాత్రం పక్కపక్కనున్న నాలుగు చుక్కలూ పంచుకుంటాయి. మన కన్ను కనిపెట్టలేదు. ఫైలు ఇంకా చిన్నది కావాలంటే ఒకే రంగుని ఇంకా ఎక్కువ చుక్కలకి పంచేస్తాం.”

“వెలుగు కూడా తగ్గించొచ్చుగా?”

“అమ్మో! వెలుగు ముట్టుకోకూడదండి. బొమ్మ అలుక్కుపోతుంది. అన్నయ్య నాకు నేర్పిన మొదటి పాఠం అది.”

“మరి రెండు రంగుల సన్న చారలుంటే?”

అతను పక్కన పెట్టిన టీ గ్లాసుని ఇంకాస్త లోపలికి జరిపాడు.

“కలిసిపోతాయి,” అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ గోడమీది టీవీలో ఆ వీడియో పెట్టించింది. రిమోట్ అందుకుని కలర్ సున్నాకి తగ్గించింది.

నలుపు తెలుపుల్లో మనిషి పరిగెత్తాడు. చొక్కా నిండా నిలువు చారలు. ఒకటి లేత, ఒకటి ముదురు.

“అవి ముడతలనుకున్నాను మేడమ్,” అన్నాడు హెడ్డు.

“ముడతలు స్కేలు పెట్టి గీసినట్టుంటాయటయ్యా? కొరియర్‌వాళ్లది సాదా గుడ్డ. వెలుగులో చారలున్నాయంటే గుడ్డమీదా ఉన్నట్టే. వాటి రంగులు కలిసిపోయి గోధుమరంగయింది, అంతే. కాపీ తీసినవాడు రంగుని పిండేశాడు గానీ వెలుగు జోలికి పోలేదు. చేతికి అలవాటైన పని మరి.”

ఇన్‌స్పెక్టర్ మాస్టారి భార్య వైపు తిరిగింది.

“అమ్మా, ఇలాంటి చొక్కా ఎక్కడైనా చూశారా?”

ఆవిడ టీవీ వంకే చూస్తూ ఉండిపోయింది. పెళ్లై వచ్చేనాటికి మరిదికి తొమ్మిదేళ్లు. తల్లి లేని పిల్లాడు. జ్వరమొస్తే పక్కలో వేసుకుని పడుకునేది. తమ్ముడూ బిడ్డే, మరిదీ బిడ్డే.

“ఎరుపూ ఆకుపచ్చా చారలు,” అంది. “మొన్న వీడి పుట్టినరోజుకి నేనే కొన్నాను.”

“వదినా!”

మరిది అక్కడే కూలబడ్డాడు. “నీకు రంగు కనపడదురా, ఈ పని నీవల్ల కాదు, వెళ్లిపో అన్నాడు అన్నయ్య, వదినా. పన్నెండేళ్లు పక్కన కూర్చోబెట్టుకుని ఇప్పుడా ఆ మాట? ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు.”

“మా తమ్ముడి మీదకి తోసినప్పుడు తెలిసిందా?”

అప్పుడూ ఆవిడ గొంతు లేవలేదు.

ఇన్‌స్పెక్టర్ దవడ తడుముకుంది. ఇంకా స్పర్శ రాలేదు.

“ఆ చొక్కా ఇప్పుడెక్కడుందమ్మా?”

“దండెం మీద. పొద్దున్నే ఉతికి ఆరేశాను. ఆయన సంగతి అప్పటికింకా తెలీదు.” ఆవిడ తన అరచేతులకేసి చూసుకుంది. “ఏదో మరకండి. రెండుసార్లు రుద్దాను. వదల్లేదు.”