ఆరు శాతం వేగం

"ఎనిమిది, తొమ్మిది, పది. ఎనిమిదో మెట్లదారి, తొమ్మిదో అంతస్తు, పదో తలుపు. హంతకుడు అక్కడికొస్తాడు, మనవాళ్ళు పట్టేస్తారు. నువ్వు డీజే బూత్‌లో ఆవిడ పక్కనుంటే చాలు," అన్నాడు బాస్ ఆలర్స్, సాస్కియా ఇచ్చిన పాటల జాబితా ముందుకి తోస్తూ.

హెన్రిక తలూపింది. ముఠా చంపాలనుకుంటున్న సాక్షి ట్యార్క్ ఆమె సొంత తమ్ముడు. మూడేళ్ళు వాళ్ళకి కారు నడిపి, చివరికి భయపడి హెన్రిక పనిచేసే నిఘా ఆఫీసు పంచన చేరాడు. బెర్లిన్‌లోని లిష్టెన్‌బెర్గ్ పేటలో, వల పన్నిన అదే భవనంలో మూడో మెట్లదారి, నాలుగో అంతస్తు, ఐదో తలుపు వెనక దాక్కున్నాడు. అదే అంతస్తులో ఎదురుగా పదో తలుపు వెనక ఆఫీసు కాపలా.

సాస్కియా సంగతి వేరు. ముఠా నమ్మిన డీజే, ఆఫీసు నమ్మిన డబుల్ ఏజెంట్. ఆ వెండిరంగు జుట్టు చూస్తే చాలు, బెర్లిన్ కుర్రకారుకి మతి పోతుంది. హెన్రికకీ పోయినట్టుంది, లేకపోతే తమ్ముడికి సూప్ ఇవ్వడానికి వెళ్తూ ఆవిణ్ణి వెంటబెట్టుకెళ్ళడమేమిటి! ఆ తప్పు ఎవరికీ చెప్పుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం మూడు. క్లబ్బులో శనివారం మొదలైన ఆట ఇంకా ఆగలేదు. సాస్కియా వరసగా కలిపే పాటలు రేడియోలో కూడా వస్తున్నాయి. హంతకుడు లిష్టెన్‌బెర్గ్ భవనం కిందే కారులో కూర్చుని వింటున్నాడు. ఒకప్పుడు పియానోలు సరిచేసినవాడు, పాట శ్రుతి చెవితోనే పట్టేస్తాడు. డీజేల పన్నెండు గళ్ళ చక్రంలో ప్రతి శ్రుతికీ ఒక నంబరు; వరసగా వేసే మూడు పాటల నంబర్లే వాడికందే చిరునామా. పక్కపక్క నంబర్లు కలిపితే పాటలు కమ్మగా అతుకుతాయని డీజేలందరికీ తెలుసు, ఎవరికీ అనుమానం రాదు.

మొదటి రికార్డు తిరుగుతోంది. కవరు మీద శ్రుతి నంబరు ఎనిమిది, వేగం నిమిషానికి నూట ఇరవై ఎనిమిది దరువులు. అది చూసి హెన్రిక పాటలు కలిపే పెట్టె మీది అంకె వైపు చూసింది. పాట నూట ముప్పై ఆరులో పరిగెడుతోంది! ఆఫీసులో చదివింది కవరుని, పాటని కాదు. ఇలాంటి వినైల్ రికార్డు మీద ఆరు శాతం వేగం పెంచితే శ్రుతి అర స్వరం పైకెక్కుతుంది.

సంగీతం నేర్పిన నాన్న ఇచ్చిన, శ్రుతి చూసే ట్యూనింగ్ ఫోర్కు జేబులోంచి తీసి మోకాలికి కొట్టి, చెవి వెనక ఎముకకి ఆనించింది. పాట ఎనిమిదైతే ఆ ఫోర్కు స్వరమే దానికి సా కావాలి. కాలేదు. రెండు స్వరాలూ పళ్ళు జివ్వుమనేలా రాసుకున్నాయి.

అర స్వరం ఎక్కితే చక్రంలో ఏడు గళ్ళు ముందుకి, పన్నెండు దాటితే మళ్ళీ ఒకటి నుంచి. ఎనిమిది కాస్తా మూడు. ఈలోగా సాస్కియా రెండో పాట కలిపేసింది. తొమ్మిది కాదు, నాలుగు. ఇక మూడోది పది కాదు, ఐదు. తమ్ముడి తలుపు.

తమ్ముణ్ణి బయటికి రప్పిస్తే హంతకుడికి మెట్లమీదే ఎదురుపడతాడు. హెన్రిక, ఫోటోలు తియ్యకుండా క్లబ్బువాళ్ళు కెమెరా మీద స్టిక్కరు అంటించిన ఫోన్‌లో, బాస్‌కి మెసేజ్ కొట్టింది: మూడు, నాలుగు, పదో తలుపులో తుపాకులతో ఉండండి.

మూడో రికార్డు మీద సాస్కియా వేళ్ళు వాలాయి. హెన్రిక ఆ మణికట్టు ఒడిసిపట్టి, వేగం మీట సున్నాకి, అంటే రికార్డు అసలు వేగానికి లాగి, పాట వదిలేసింది.

దరువులు తన్నుకున్నాయి. రెండు పాటలూ సంతలో కొట్లాటలా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వెయ్యిమంది ఒక్కసారిగా ఆగిపోయి బూత్ వైపు చూశారు.

"వదులు, హెనీ. పరువు పోతోంది," అంది సాస్కియా, నవ్వు చెదరకుండా.

"పోనీ. వాడు మా తమ్ముడు."

రెండో పాట కోసేసింది. మూడోది ఒంటరిగా, నెమ్మదిగా, అసలు శ్రుతిలో మోగింది. పది.

ఏడు నిమిషాల తర్వాత పదో తలుపు తట్టినవాడికి నాలుగు తుపాకులు స్వాగతం చెప్పాయి. సాస్కియాని వెనక గుమ్మం నుంచి తీసుకెళ్ళారు. ఆవిడకి ట్యార్క్ అడ్రసు ఎలా తెలిసిందని బాస్ అడిగాడు. "నేనే చూపించాను," అంది హెన్రిక, తల ఎత్తలేక. ఆయన ఆ మాట రిపోర్టులో రాసుకున్నాడు.

అప్పుడే ట్యార్క్ నుంచి మెసేజ్ వచ్చింది: "అక్కా, బతికే ఉన్నాను. రేడియోలో అంతా విన్నాను. ఆ మూడో పాట కలిపింది నువ్వని మాత్రం ఎక్కడా అనకు."