మడ అడవిలో మాయమైన చుక్కాని

దేవుడి సొమ్ము కాజేస్తే పాపమని చిన్నప్పటి నుంచి విన్నాను. కాపాడటానికి కాజేస్తే అది పాపమా కాదా అన్న సందేహం మాత్రం నాకు ఏళ్ల తరబడి తీరలేదు. రాజమండ్రి డిటెక్టివ్ దక్షిణామూర్తి చూసిన ఈ కేసు సంగతి తెలిశాక అది ఇంకా పెరిగింది.

ఓ ఉదయం ప్రసన్నకుమారి ఆయన ఆఫీసుకు వచ్చింది. గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న మడ అడవి పార్కులో, పాత ఓడల ప్రదర్శనశాలకు ఆమె అధికారి.

"నూట యాభై ఏళ్లనాటి టేకు చుక్కాని పోయిందండి. మన తీరంలో కట్టిన ఓడల్లో మాకు మిగిలింది అదొక్కటే. సోమవారం పార్కుకి సెలవు. మర్నాడు చూస్తే లేదు. వేసిన తాళాలు వేసినట్టే ఉన్నాయి. తాళంచెవులు వాచ్‌మన్ సురేంద్ర దగ్గరే ఉంటాయి. రేపు అతన్ని అరెస్టు చేస్తారటండి."

"అతనే తీశాడని నమ్ముతున్నారా?"

"లేదండి. కానీ కంప్లైంట్‌లో అతని పేరు రాసింది నేనే," అందామె తల దించుకుని.

మధ్యాహ్నానికి దక్షిణామూర్తి, అసిస్టెంట్ వర్షిణి పార్కుకు చేరారు. ఏటి వైపు తలుపుకు తాళం భద్రంగా ఉంది. తలుపును ద్వారబంధానికి పట్టి ఉంచే మడత బందుల సీలల మీద మాత్రం తుప్పు రాలి, ఇనుము మెరుస్తోంది. గచ్చు మీద ఆ తలుపు దాకా వరసగా గోధుమరంగు మరకలు.

"ఎవరో టీ ఒలకబోశారు సార్."

"గీతలేమైనా ఉన్నాయేమో చూడమ్మా."

ఒక్కటీ లేదు. అంత బరువైన కొయ్య గీత పడకుండా ఎలా కదిలిందో వర్షిణికి అంతుపట్టలేదు.

గోడ మీద చుక్కాని ఫోటోలు రెండున్నాయి. మూడేళ్ల కిందట ఏటి బురదలో దొరికిన రోజుది ఒకటి, పోయిన నెలది ఒకటి. రెండోదాంట్లో కొయ్య నిలువునా పగిలి ఉంది. పగులులో లప్పం పెట్టి, పైన వార్నిష్ వేశారు.

బయట ప్రదర్శనశాల వడ్రంగి, ముసలి చంద్రరావు బల్ల చిత్రిక పడుతున్నాడు.

"ఈ తలుపులు మీరు చేసినవేనా?" అని అడిగాడు దక్షిణామూర్తి.

"నేనేనండి. మావి పడవలు కట్టే చేతులు. ఇప్పుడు తలుపులూ బల్లలే గతి."

"చుక్కాని దొరికితే సంతోషమేగా?"

"దొరికితే ఏంటండి, మళ్లీ ఏసీలో పెట్టి ఎండబెడతారు!" అన్నాడు విసురుగా.

సాయంత్రం దక్షిణామూర్తి అందరినీ ప్రదర్శనశాలలో కూర్చోబెట్టాడు.

"తాళంచెవి ఉన్నవాడికి బందుల సీలలు ఊడదీయాల్సిన అవసరం లేదు. తలుపు సంగతి బాగా తెలిసినవాడే ఆ పని చేశాడు. అవి టీ మరకలు కావు, అరటి పసరు మరకలు. ఇక్కడ పడవను నీళ్లలోకి జార్చేటప్పుడు చెక్కకు దెబ్బ తగలకుండా కింద అరటి బోదెలు పరుస్తారు. వాటి తడికి పెద్ద బరువైనా సులువుగా జారుతుంది. అమ్ముకునే దొంగకు అంత ప్రేమ ఉండదు. కొయ్య పగలకుండా బురదలో దాచడం కూడా పడవలు కట్టేవాళ్ల అలవాటే. చుక్కాని ఈ ఏట్లోనే ఉంది. అవునా, చంద్రరావుగారూ?"

ముసలాయన లేచి నిలబడ్డాడు. "అవునండి. అసలు బురదలోంచి తీసిచ్చిందీ నేనే, పేరొస్తుందన్న ఆశతో. నూట యాభై ఏళ్లు చెక్కుచెదరనిది మూడేళ్లకే పగిలింది. తడిలో ఉంచమని మేడమ్‌గారికి నాలుగుసార్లు చెప్పాను."

"మెరవాలని నేనే వార్నిష్ వేయించాను," అంది ప్రసన్నకుమారి.

"మీ ఇద్దరూ బానే ఉన్నారండి," అన్నాడు సురేంద్ర. "మా పాపని నాలుగు రోజుల్నుంచి స్కూల్లో దొంగ కూతురంటున్నారు."

ముసలాయన అతని దగ్గరికి వెళ్లి చేతులు జోడించాడు.

"రోజూ చెబుదామనే వచ్చాను బాబూ," అన్నాడు చంద్రరావు. "చెబితే మళ్లీ ఎండబెడతారని నోరు రాలేదు. ఆ పాపం నాదే."

ప్రసన్నకుమారి అక్కడికక్కడే స్టేషన్‌కు ఫోన్ చేసింది. సురేంద్ర పేరు రాయడం తన తప్పేనని చెప్పింది. ఏటి పక్కనే ఉప్పునీటి తొట్టి కట్టించి, చుక్కానిని అందులో ఉంచుతానని చంద్రరావుకు మాటిచ్చింది.

"ఇంకోటండి. ఏటి బురదలో కొయ్య గంగమ్మ సొమ్ము, తీస్తే అమ్మకి కాయ కొట్టాలి. ఆ రోజు పెద్దాఫీసర్లు వస్తున్నారని మీరు తొందరపెట్టేశారు. మూడేళ్లుగా అమ్మకి ఆ కాయ బాకీ," అన్నాడు ముసలాయన.

మర్నాడు పోటు తగ్గి ఏట్లో నీళ్లు తీశాక, ప్రసన్నకుమారి చెప్పులు విడిచి మోకాలి లోతు బురదలో దిగింది. కొబ్బరికాయ తన చేత్తోనే కొట్టింది. ఒక చిప్ప గంగమ్మకు వదిలింది. రెండోది రెండు చేతులతో సురేంద్ర ముందు పట్టుకుంది.

"మీ పాపకి."

అతను చాలాసేపు చేయి చాపలేదు. తర్వాత తీసుకున్నాడు.