మద్దమ్మ కొన్న యాభై అయిదు ఇంచుల టీవీ

పొద్దున ఎనిమిది కాకముందే వెంకటేశ్వరమ్మ చిన్న దిండు చంకన పెట్టుకుని గడప దాటింది. పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు కాలుస్తున్న పెద్దకోడలు మద్దమ్మ, పెనం మీద రొట్టెను అలాగే వదిలేసి వాకిట్లోకి వచ్చింది.

"యాడికత్తా, పొద్దన్నే?"

"టీవీ సూసొస్తానమ్మీ."

"మనింట్లో లేదా టీవీ?"

"దాంట్లో బొమ్మలు శానా సన్నగ కనపడతాయి," అని అత్త వెనక్కి తిరక్కుండానే సందు దాటి ఎదురింట్లోకి వెళ్ళిపోయింది. అది చిన్నకోడలు శివజ్యోతి ఇల్లు.

ఓర్వకల్లులో వెంకటేశ్వరమ్మ ఇద్దరు కొడుకుల ఇళ్ళు ఎదురెదురుగా ఉంటాయి. అత్త ఉండేది పెద్దకొడుకు నాగరాజ్ దగ్గర. పదిహేనేళ్ళుగా ఆమె తిండి, మంచం, మాత్రలు అన్నీ మద్దమ్మ చేతి మీదుగానే జరుగుతున్నాయి. కానీ వీధి చూసేది అది కాదు. ముసలమ్మ ఎవరింట్లో నవ్వుతూ కూర్చుంటుందో అది చూస్తుంది. నిన్న నీళ్ళ ట్యాంకరు దగ్గర పక్కింటి వరమ్మ పదిమందిలో అననే అనింది, మీ అత్తకు రొట్టెలు నీవి, ముచ్చట్లు చిన్నదానివి అని. ఆ మాట రాత్రంతా మద్దమ్మ గుండెలో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

లోపల రొట్టె మాడిపోయింది. మద్దమ్మ మాత్రం అప్పటికే గిన్నె పట్టుకుని ఎదురింటికి బయలుదేరింది, మజ్జిగతోడు కావాలనే సాకుతో. శివజ్యోతి వంటింట్లోకి వెళ్ళగానే టీవీ వెనక్కి తొంగిచూసి అక్కడ అంటించిన కాగితం చదివింది. నలభై మూడు ఇంచులు. స్మార్టు. అంతే, తోడు సంగతి మరిచిపోయి ఖాళీ గిన్నెతోనే ఇల్లు చేరింది.

అంతకంటే పెద్ద టీవీ కొనాలనే మద్దమ్మ పోరును నాగరాజ్ మూడు రోజులు తట్టుకున్నాడు. నాలుగో రోజు ఇద్దరూ బస్సెక్కి కర్నూలు పోయారు.

దుకాణంలో వీరేష్ అనే కుర్రాడు ఓపిక ఉన్నవాడు. గది ఎంతుంది, ఎంత దూరాన కూర్చుంటారు, ఇంట్లో ఎక్కువగా ఎవరు చూస్తారు అని మొదట అవే అడిగాడు. మద్దమ్మకు ఆ ప్రశ్నలు అక్కర్లేదు. ఫోర్‌కే అంటే బొమ్మ ఎంత తేటగా ఉంటుందో, రిమోట్‌తో మాట్లాడితే టీవీ ఎలా వింటుందో, స్పీకర్లకు ఎన్ని వాట్లో అతను ఒక్కొక్కటే చెబుతుంటే ఆమె ఒకే మాట అడుగుతూ వచ్చింది.

"అది నలభై మూడుదాంట్లో ఉంటాదా?"

"ఉండదక్కా."

"అయితే మాకుండాల."

"పన్నెండడుగుల గదికి ఇంత పెద్దది ఏంటికక్కా? నలభై మూడే సరిపోతాది."

నలభై మూడు అనే మాట వినగానే మద్దమ్మ ముఖం ఎర్రబడింది. యాభై అయిదు ఇంచులది ఆటో ఎక్కింది.

కరెంటు ప్లగ్గు ఉన్నది ఒక్క తూర్పు గోడకే కాబట్టి టీవీని అక్కడే, చనిపోయిన మామ సుబ్బయ్య పటం కింద బిగించారు. వీధంతా వచ్చి చూసింది. వరమ్మ రెండుసార్లు వచ్చింది. మద్దమ్మ చేయి పట్టుకుని తెచ్చి సరిగ్గా ఎదురుగా చాప మీద కూర్చోబెడితే, అత్త కాళ్ళు మడిచి బాసిపట్లు వేసుకుని గంటసేపు కదలకుండా చూసి, బాగుండాదమ్మీ అనింది.

మర్నాడు పొద్దున దిండు చంకన పెట్టుకుని ఎదురింటికి పోయింది.

మద్దమ్మ అయిదు రోజులు పళ్ళు బిగబట్టింది. ఆరో రోజు సాయంత్రం చేతిలోని చీపురు కింద పారేసి సందు దాటింది. దగ్గరగా వేసిన తలుపు అవతల టీవీ చప్పుడు లేదు. తోసి చూసింది. టీవీ నల్లగా ఉంది. శివజ్యోతి శనక్కాయలు ఒలుస్తోంది. అత్త గోడకు దిండు ఆనించి, రెండు కాళ్ళూ బారజాపి, కళ్ళు మూసుకుని ఉంది.

"టీవీ పెట్టల్యా?" అంది మద్దమ్మ.

"రీచార్జి అయిపోయి వారమాయక్కా."

అంటే టీవీ కోసం కాదు. మద్దమ్మకు ఒళ్ళంతా మండిపోయింది.

"పదిహేనేండ్లు ముద్ద పెట్టింది నేను. ఏం మందు పెట్టిందత్తా ఇది నీకు? నా ఇంట్లో కూసుంటే ఏం గుచ్చుకుంటాది నీకు?"

శివజ్యోతి నోరు తెరవబోయింది. అత్త చెయ్యెత్తి ఆపి, మెల్లగా చీర అంచు కాస్త పైకి జరిపింది. రెండు మోకాళ్ళూ ఉబ్బి, చర్మం నున్నగా మెరుస్తోంది.

"ఇవి మడిసి గంట కూసుంటే రాత్రికి పాణం పోతాదమ్మీ. సాపుకుంటేనే నిమ్మళం."

"సాపుకో. వద్దన్నదెవరు?"

"మీ మామ ఎదురుగా ఉండాడు గదా."

మద్దమ్మకు వెంటనే అర్థం కాలేదు.

"ఆయప్ప బతికుండగా ఏనాడూ ఆయన దిక్కు కాళ్ళు సాపలేదు. ఇప్పుడు పటం దిక్కు సాపుతానా? పటం తీయమంటే ఆయన్ని ఇంట్లోంచి ఎల్లగొట్టినట్లుంటాది. నువ్వు దినామూ పూలు పెడతాంటివి, యా నోటితో అడిగేది? పాత టీవీ ఉన్నప్పుడు ఏదో మూల కాసేపన్నా ఒరిగి ఉంటాంటి. ఇది కొన్నాక నువ్వు నన్ను తెచ్చి సరిగ్గా దాని ముందరే కూసోబెడతాండావు."

మద్దమ్మ అత్త మోకాళ్ళ దగ్గర కూర్చుంది. టీవీకి ఏమేమి ఉండాలో వీరేష్‌ను గంటసేపు అడిగింది. చూసే మనిషికి ఏం కావాలో ఒక్కసారి అత్తను అడగలేదు.

"నీకెట్ల తెలిసె?" అంది తోడికోడలితో.

"మొన్న శివరాత్రప్పుడు మీ ఇంట్లో లేయలేకపోయిందక్కా. నేనే పట్టుకుని లేపినా. నువ్వు బాధపడతావని, సెప్పొద్దని ఒట్టేయించుకుంది."

ఆ రోజు తను పక్కనే వంటింట్లో ఉంది. ఇన్నాళ్ళూ టీవీ మీద, మాటల మీద, నవ్వుల మీద కుళ్ళుకుంది. ఇప్పుడు ఆ లేపిన చేతుల మీద అసూయ పుట్టింది. అవి తన చేతులై ఉండాల్సింది. మద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

సంగతి విన్న నాగరాజ్ తలవంచుకుని పటం తీయడానికి స్టూలు తెచ్చాడు. మద్దమ్మ స్టూలు లాగేసింది.

"మామ ఆడే ఉండనీ. టీవీనే జరగాల."

మర్నాడు కరెంటు పనివాడు గోడల వెంబడి వైరు లాగి పడమటి గోడకు టీవీ బిగించాడు. అక్కడ చోటు చాలక టీవీ అంచు వంటింటి గుమ్మం మీదికి వచ్చింది. ఇక లోపలికి పోవాలంటే తల వంచాల్సిందే. మద్దమ్మ లెక్కచేయలేదు. తనే ఎదురింటికి పోయి అత్తనూ, శివజ్యోతినీ పిలుచుకొచ్చింది.

వెంకటేశ్వరమ్మ తూర్పు గోడకు దిండు ఆనించి కూర్చుంది. ఒక కాలు చాపింది. కాసేపాగి రెండోది చాపింది. మద్దమ్మ నూనె వెచ్చబెట్టి తెచ్చి ఒక మోకాలు అందుకుంది. శివజ్యోతి రెండోదాని మీద చేయి వేయబోతే, అదీ నాదే అన్నట్టు మద్దమ్మ చూసింది. మళ్ళీ తనే పక్కకు జరిగి చోటిచ్చింది.

టీవీ వెలిగింది. ముసలమ్మ దాన్ని చూడలేదు. మెడ వెనక్కి వంచి, తల మీద ఉన్న పటాన్ని చూసింది.

"ఇన్నాళ్ళూ టీవీ ఆయప్ప కిందనే ఉండె, పాపం ఏమీ కనపడకపాయ. ఇంగ ఆయప్ప కూడా సూస్తాడులే," అంది.

మద్దమ్మ నవ్వింది. కళ్ళలోంచి జారిన చుక్క నూనె చేతి మీద పడింది. తుడుచుకోకుండా మోకాలు రుద్దుతూనే ఉంది.