నోటిదాకా వచ్చిన మాట

పొద్దున ఆరున్నరకు నవత వంటింట్లో జొన్నరొట్టె కాలుస్తూ పాఠం ఒప్పజెబుతోంది. అత్త బసమ్మ గడప పక్కన కూర్చుని, కోడలి నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని, వరుసల మీద వేలు జరుపుతూ వింటోంది. యాభై ఎనిమిదేళ్లకు అక్షరాలు దిద్దుకున్న మనిషి ఆమె. కోడలు రాజనీతిశాస్త్రం లెక్చరర్ పరీక్షకు చదువుతుంటే తప్పులు పట్టేది ఆమే.

“కెనడాలో ఇంగ్లీషు, ఫ్రెంచి వాళ్ల తగువు చూడడానికి ఒక కమిషన్ వేశారు. అప్పుడు వేరే దేశాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు, మరి మా సంగతేంటని అడిగారు. 1971లో ఆ ప్రభుత్వం బహుళ సంస్కృతుల విధానాన్ని ప్రకటించింది. తర్వాత ఆస్ట్రేలియా...”

“ఒక లైను ఇడిశినవ్ బిడ్డ,” అంది బసమ్మ. వేలు ఆపి, కూడబలుక్కుని చదివింది. “సమానం కావాలంటే అందరూ ఒకే తీరుగా మారనక్కర్లేదు.”

“అవునత్తమ్మా, అదే ముఖ్యం. రెండు మార్కులు పోతుండె.”

బసమ్మ పుస్తకం మూసింది. లేచి వసారాలోకి వెళ్లింది. మళ్లీ వచ్చింది. బిందె మీద మూత సర్ది మళ్లీ వెళ్లింది. మూడు వారాలుగా ఆమెకు కాలు నిలవడం లేదు.

నాలుగేళ్ల మనవరాలు నందిని బడిలో పాలు కావాలని అడుగుతూ “హాలు బేకు” అందట. పిల్ల తికమక పడుతోంది, ఇంట్లో ఒకే భాష మాట్లాడండి అని టీచరు చెప్పింది. ఆ సాయంత్రమే నవత నియమం పెట్టింది. నందినితో అందరూ తెలుగే మాట్లాడాలి, కన్నడం వద్దు. బసమ్మ పుట్టింటి భాష కన్నడం. నవతది సిద్దిపేట, ఆమెకు ఆ భాష రాదు. భర్త జగదీశ్ తలూపి ట్రాక్టర్ల ఫ్యాక్టరీకి వెళ్లిపోయాడు. బసమ్మ కూడా సరేనంది. బజారులో బేరమాడడానికి, పొరుగింటి అమీరున్నీసాతో కబుర్లకు ఆమె తెలుగు చాలు. మనవరాలిని ముద్దుచేయడానికే చాలలేదు. కథ మొదలుపెడితే రెండో మాటకే నోరు కన్నడానికి మళ్లేది. చటుక్కున ఆపేసేది. కొన్నాళ్లకు మొదలుపెట్టడమే మానేసింది.

వసారాలో ధబ్బుమని చప్పుడైంది. బడిసంచీ తగిలించుకుని పరుగెత్తిన నందిని మెట్ల మీద పడింది. నవత పిండిచేతులతో వచ్చేసరికి పిల్ల మోకాలు గీరుకుపోయి గుక్కపట్టి ఏడుస్తోంది. బసమ్మ పక్కనే పెదవులు బిగించి నిలబడి ఉంది.

“నానమ్మ నాతోని మాట్లాడది. నా మీద కోపం,” అంది నందిని ఎక్కిళ్ల మధ్య.

నవతకు మండింది. “పిల్ల పడ్డది అత్తమ్మా. ఒక్క మాట అననీకి మనసు రాలేదా? మూడు వారాల సంది సూస్తున్న, మూతి ముడుసుకొని తిరుగుతున్నరు. టీచర్ చెప్పిందే నేను చెప్పిన. దాని మంచికే గద.”

“నోట్లకు వచ్చిన మాట నీ రూల్‌ల లేదు బిడ్డ. గందుకే మింగిన.”

చొక్కా గుండీలు పెట్టుకుంటూ జగదీశ్ బయటికొచ్చాడు. “పొద్దుగాల్నే ఏం లొల్లి? నా షిఫ్టు బస్సు పోతది.”

“నీ పెండ్లాన్ని అడుగు. కెనడా సంగతంత నోటికి చెప్తది. గంత పెద్ద దేశంల అన్ని తీర్లోళ్లు ఇముడుతరట. గీ మూడర్రల ఇంట్ల నా ఒక్క నోరు ఇముడుతలేదు.”

“గది వేరు, గిది వేరు,” అంది నవత. “అక్కడ సుత అందరికి ఇంగ్లీషో ఫ్రెంచో ఒకటి రావాలెనన్నరు. రేపు ఇది బడిల ఎనకవడితే?”

“తెలుగు నేర్పొద్దన్ననా? ముసలితనంల పలక పట్టింది దానికోసమే గద. అది నేర్వనీకి ఇది ఇడువాలెనని ఏ పేజీల ఉందో జర సూపియ్.” బసమ్మ నోటుబుక్కు తెచ్చి కోడలి పిండిచేతుల్లో పెట్టింది. “నేను రాయికోడ్ పోత, మా తమ్మునింటికి. ఆడ నోరు తెరిస్తే ఎవరు తప్పు పట్టరు.”

ఆమె లోపలికి వెళ్లి సంచీలో చీరలు కుక్కసాగింది. నవత పేజీ చూసింది. తన చేతిరాతే, ఇందాక తను విడిచిన ఆ వరుసే. ఇల్లంతా ఒకే తీరుగా ఉంటే పిల్లకు మేలనుకుంది. ఆ తీరు ఎవరిదని ఆలోచించలేదు. అత్తను ఒక్క మాట అడగనూ లేదు.

“తప్పయింది అత్తమ్మా,” అంది వెనకాలే వెళ్లి. “టీచర్‌తోని నేనే మాట్లాడుత. మీరు పోవద్దు.”

బసమ్మ ఇంకో చీర తీసి మడవసాగింది.

జగదీశ్ వచ్చి తల్లి ముందు నేల మీద కూర్చున్నాడు. “బడిల నేను కన్నడం మాట్లాడితే పోరగాండ్లు నవ్విన్రమ్మా. అప్పటిసంది నీతోని సుత బంద్ చేసిన. ముప్పై ఏండ్లాయె. నందినికి గట్ల కావద్దనే ఊకున్న.” తర్వాత తడబడుతూ, మాట మాట వెతుక్కుంటూ అడిగాడు.

“అవ్వా... ఊట మాడిద్యా?”

తిన్నావా అమ్మా అని. మడుస్తున్న చీర బసమ్మ చేతుల్లోనే ఆగిపోయింది.

“ఇల్లప్పా,” అంది. ఇంకా లేదు నాయనా అని. అంతే, కొంగు నోటికడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

“నానా, నీకు సుత వస్తదా?” అంది నందిని, కుంటుకుంటూ గుమ్మంలోకి వచ్చి.

బసమ్మ మనవరాలిని ఒళ్లోకి లాక్కుంది. మోకాలి మీద ఊదుతూ ఇన్నాళ్లూ మింగిన మాటలన్నీ ఆగకుండా చెప్పసాగింది. నవతకు అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఏమన్నారని అడగకుండా, అత్త పక్కనే కూర్చుని వింది.